విత్తనం సిద్ధం, కొనేవాడేడీ?

తిండి గింజల మీద హైదరాబాద్‌లో జరిగినంత పరిశోధన దేశంలో చాలా తక్కువ ఊళ్లలో జరుగుతుంది. రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ ఉంది. అక్కడే భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, పటాన్‌చెరులో 1972 నుంచి మెట్ట పంటల మీద పనిచేస్తున్న అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ ఉన్నాయి. ఒక్క ఇక్రిశాట్ జన్యు బ్యాంకులోనే జొన్న, సజ్జ, రాగి, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల విత్తన నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా భద్రంగా ఉన్నాయి. ఇంత విద్య పోగుపడిన నగరంలో రేషన్ షాపుకు సంచి పట్టుకెళ్లిన మనిషికి ప్రధానంగా దొరికే ధాన్యం మాత్రం బియ్యమే. 2025 ఉగాది నుంచి తెలంగాణలో అది సన్నబియ్యమైంది, మనిషికి 6 కిలోల చొప్పున.

నీళ్లు, నేల, ఆరోగ్యం మూడూ దెబ్బతినకుండా జనానికి తిండి పెట్టడమెలా అన్న ప్రశ్నకు ప్రయోగశాలలు చాలా జవాబులే ఇచ్చాయి. ఆ జవాబుల్ని కొనేవాళ్లు లేకపోవడమే ఇప్పటి చిక్కు. కొత్త వంగడాల మీద పెట్టిన శ్రద్ధలో నాలుగోవంతు కొనుగోలు కేంద్రం, పిండిమర, బడి వంటగది మీద పెట్టినా పరిస్థితి వేరుగా ఉండేది.

ప్రశ్న చిన్నదేం కాదు. పొలం నుంచి చెత్తబుట్ట దాకా ఆహారంతో ముడిపడిన పనులన్నీ కలిపితే, 2015లో మనుషుల వల్ల వెలువడిన గ్రీన్‌హౌస్ వాయువుల్లో 34 శాతం వాటి వాటాయేనని 2021లో ‘నేచర్ ఫుడ్’ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. నీళ్లు నిలవగట్టిన వరి మడి కూడా అందులో భాగమే. గాలి ఆడని ఆ బురదలో సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారు చేస్తాయి. మన దేశం సంగతి ప్రత్యేకంగా చూసిన అధ్యయనం ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో 2018లో వచ్చింది. ఏ జిల్లాకు ఆ జిల్లాలో వరికి బదులు మొక్కజొన్న, రాగి, సజ్జ, జొన్నల్లో అక్కడికి నప్పేది వేస్తే సాగునీటి అవసరం 33 శాతం తగ్గుతుందని, పండే ధాన్యంలో ఇనుము 27 శాతం, జింక్ 13 శాతం పెరుగుతాయని అది తేల్చింది.

అయినా రైతు వరే వేస్తున్నాడు. అతను మూర్ఖుడై కాదు, లెక్క తెలిసినవాడు కాబట్టి.

తెలంగాణలో 2018 జనవరి నుంచి బోరుకు 24 గంటల ఉచిత కరెంటు. కోతలయ్యాక ఊరి దగ్గరే వడ్లు కొనే ఐకేపీ కేంద్రం. ధర ముందే తెలుసు. వరికి యంత్రంతో కోత, యంత్రంతో నూర్పిడి. అదే జొన్న వేస్తే? కంకి పాలు పోసుకునే వేళకు పిట్టలు దిగుతాయి. మంచె వేసుకుని, వడిసెల పట్టుకుని పొద్దున్నా సాయంత్రమూ కాపలా ఉండాలి. ఊరంతా జొన్న వేసిన రోజుల్లో ఆ నష్టం తలా కాస్త పంచుకునేవారు. చుట్టూ వరి మడుల మధ్య ఒక్కడే ఎకరం జొన్న వేస్తే ఆ పక్క పిట్టలన్నీ వాడి చేలోనే. కూలి పెట్టి కాపలా కాయించినా, చివరికి ఆ గింజలు కొనేదెవరో తెలియదు. ఎకరాకు పాతిక క్వింటాళ్ల వడ్లు చూసిన చేతికి, అందులో మూడోవంతు కూడా రాని వర్షాధార జొన్న ఆనుతుందా?

కొనేవాడు రమ్మంటే పంట ఎంత వేగంగా మారుతుందో తెలంగాణ ఇటీవలే చూసింది. సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ అని 2024లో ప్రకటించగానే ఒక్క సీజన్లోనే సన్నాల సాగు బాగా పెరిగింది. ఏ శాస్త్రవేత్తా ఊరూరా తిరిగి ఒప్పించాల్సిన పని పడలేదు. అంతకు ముందు, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఆకలిని తగ్గించింది, అది కాదనలేని మేలు. రొట్టె, సంకటి, గటక తిని బతికిన మెట్ట ప్రాంతాల్లో పండుగ నాటి అన్నాన్ని రోజువారీ తిండిగా మార్చడంలోనూ దానిది పెద్ద చెయ్యే. ప్రభుత్వం ఏది కొంటే రైతు అది పండిస్తాడు, ఏది ఇస్తే జనం అది తింటారు.

ఇక్కడ ఖర్చు మాట వస్తుంది. చిరుధాన్యాలు ఖరీదు, రేషన్లో ఇవ్వడం మోయలేని భారం అని అధికారులు తరచూ అంటారు. లెక్క వేసి చూద్దాం. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకం వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699, సజ్జకు 2,775, రాగికి 4,886. పైకి జొన్న వరి కంటే ఎంతో ఎక్కువ. కానీ వడ్లను ఎవరూ వడ్లుగా తినరు. ప్రభుత్వ లెక్క ప్రకారం క్వింటాలు వడ్లు మర ఆడిస్తే వచ్చే పచ్చి బియ్యం 67 కిలోలు. అంటే గింజ ఖర్చే కిలో బియ్యానికి 35 రూపాయలు దాటుతుంది. జొన్న కిలో 37. సజ్జ 28 లోపే. రాగి మాత్రం నిజంగానే ఖరీదు, కిలోకు 49 రూపాయల దాకా పడుతుంది. తవుడు, ఊక అమ్మకం కొంత కలిసొస్తుందనుకున్నా జొన్నకూ బియ్యానికీ మధ్య కొండంత తేడా లేదు. వరికి తోడే నీళ్లకు ప్రభుత్వం కట్టే కరెంటు బిల్లు ఈ లెక్కలో అసలు కలపలేదు. ఈ పట్టికను ఏ పౌర సరఫరాల అధికారైనా అరగంటలో తయారు చేయగలడు.

గింజ కొన్నంత మాత్రాన పని అయిపోదు. కొర్ర, సామ, అరిక, ఊద గింజలకు పొట్టు గట్టిగా పట్టి ఉంటుంది. అరికకైతే పొర మీద పొర. పూర్వం ఆడవాళ్లు రోట్లో దంచి, చేటతో చెరిగి, మళ్లీ దంచేవారు. ఆ చాకిరీ తప్పినందుకే చాలామంది ఆడవాళ్లు రేషన్ బియ్యాన్ని ఆనందంగా ఇంట్లోకి తెచ్చుకున్నారన్నది మరవకూడదు. యంత్రాలు వచ్చాయి గానీ ఒక్కో పంట గింజ ఒక్కో సైజు. కొర్రకు సరిపెట్టిన యంత్రంలో సామ పోస్తే కొంత నూకవుతుంది, కొంత పొట్టుతోనే బయటికొస్తుంది. ఊళ్లో వడ్ల మిల్లు ఉంటుంది, కారప్పొడి మర ఉంటుంది. కొర్రలు ఆడించాలంటే బస్సెక్కాలి. అందుకే పది ఎకరాల్లో పండిన కొర్ర పట్నం వ్యాపారికి పొట్టుతోనే పోయి, అక్కడ ప్యాకెట్టయ్యి, పండించినవాడు కొనలేని ధరకు సూపర్ మార్కెట్లో దొరుకుతోంది.

సజ్జది మరో బాధ. గింజలో నూనె ఎక్కువ. గింజగా ఉన్నంతకాలం ఏమీ కాదు. పిండి పట్టించగానే లైపేజ్ అనే ఎంజైమ్ ఆ నూనె మీద పని మొదలుపెడుతుంది. వారం పది రోజుల్లో పిండికి ముక్కవాసన, చేదు. ఏ కిరాణా కొట్టువాడు అలాంటి సరుకు పెట్టుకుంటాడు? ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులు సరిగా పనిచేయని సజ్జ రకాల పిండి ఎక్కువ రోజులు బాగుంటుందని ఇక్రిశాట్ సహా భారత, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2022లో చూపించారు. పొలానికీ పళ్లేనికీ మధ్య ఉన్న అడ్డంకిని వెతికి పట్టుకున్న ఇలాంటి పరిశోధనే ఇప్పుడు ఎక్కువగా కావాలి.

పిల్లలు తింటారా అన్న అనుమానానికీ కొంత జవాబు దొరికింది. బెంగళూరు శివారు బడుల్లో 1,500 మంది పిల్లలతో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మూడు నెలలపాటు అధ్యయనం చేశారు. మధ్యాహ్న భోజనంలో బియ్యానికి బదులు చిరుధాన్యాల ఇడ్లీ, బిసిబేళబాత్ వంటివి పెట్టారు. వంటకాల్ని ముందు పిల్లలకే రుచి చూపించి, వాళ్ల మాట ప్రకారం మార్చారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, తిన్న పిల్లల ఎదుగుదల మెరుగైంది. రుచిలో మొదటి మూడు వంటకాలకు పిల్లలు అయిదుకు నాలుగున్నర మార్కుల పైనే వేశారు. మూడు నెలల అధ్యయనంతో అంతా తేలిపోదు, నిజమే. అలాగని దాన్ని పక్కన పడేయనూ కూడదు. ఆంధ్రప్రదేశ్ 2023 మార్చిలో సర్కారు బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టింది. మంచి పనే. కానీ దేశంలో రాగి పంటలో సగానికి పైగా కర్ణాటకదే. పాడేరు, అరకు కొండల్లో చోళ్లు (రాగులు) పండించే గిరిజన రైతుకు ఆ గిన్నెలో జావ వల్ల ఎంత లాభం దక్కుతోందో కూడా చూడాలి కదా.

ఆ కొండలకు అవతలి పక్కనే ఒడిశా ఈ పని చేసి చూపించింది. 2017లో ఏడు గిరిజన జిల్లాల్లో 30 బ్లాకులతో మొదలైన ఒడిశా మిల్లెట్స్ మిషన్ విత్తనం దగ్గర ఆగలేదు. రాగులను మద్దతు ధరకు కొన్నారు, మహిళా సంఘాలకు మరలు అప్పగించారు, రేషన్లో పంచారు, అంగన్‌వాడీల్లో రాగి లడ్డూ పెట్టారు. కర్ణాటక కూడా దక్షిణాన రాగి, ఉత్తరాన జొన్న కొని రేషన్లో ఇస్తోంది.

తెలుగు నేల మీద ఇది అంతకంటే ముందే జరిగింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యలో బీళ్లను సాగులోకి తెచ్చుకున్నాయి. అందుకు తీసుకున్న అప్పును మహిళలు జొన్నల రూపంలో తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండి, తిండికి కటకటగా ఉండే నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అందాయి. ఎవరికి ఎంత అవసరమో ఊళ్లోనే కూర్చుని తేల్చుకునేవారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అవార్డులు ఇచ్చినంత చురుగ్గా ఆ పద్ధతిని ఏ ప్రభుత్వమూ రాష్ట్రమంతా అమలు చేయలేదు.

దీనర్థం వరిని వెలివేయమని కాదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఖరీఫ్‌లో వరి తప్ప మరేదీ నిలవని నేలలున్నాయి. అక్కడ కావాల్సింది తక్కువ నీటితో పండే వరి. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరిని జన్యు సవరణతో మార్చి, రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు తయారుచేసిన ‘కమల’ రకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. దాదాపు 20 రోజులు ముందే కోతకు వస్తుందని, ఆ మేరకు నీళ్లు మిగులుతాయని చెబుతున్నారు. జన్యు సవరణ మీద ఉన్న అభ్యంతరాలు తేలాల్సిందే. కానీ బోరు కింద, అదీ యాసంగిలో, కరెంటుతో పాతాళం నుంచి తోడిన నీళ్లతో పండే వరి సంగతి వేరు. మార్పు అక్కడ మొదలవ్వాలి.

అందుకు రెండు తెలుగు రాష్ట్రాలూ మొత్తంగా ఒకేసారి కదలనక్కర్లేదు. సంగారెడ్డి, ఆదిలాబాద్, అనంతపురం, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో రేషన్ కార్డున్నవారికి బియ్యం కోటాలో రెండు కిలోలకు బదులు జొన్నలో, రాగులో కోరుకునే వీలు ఇవ్వాలి. బలవంతం వద్దు. విత్తే ముందే ఎన్ని క్వింటాళ్లు, ఎంత ధరకు కొంటారో ఆ జిల్లాలోనే ప్రకటించాలి. బోనస్ సన్నాలకే ఎందుకు, నీళ్లు మిగిల్చిన రైతుకూ ఇవ్వాలి. మండలానికో పొట్టు తీసే మరను మహిళా సంఘానికి అప్పగించాలి. మూడు సీజన్లపాటు ఆ ఇళ్లలో ఏం తిన్నారు, పిల్లల రక్తహీనత ఏమైంది, బోర్లలో నీటిమట్టం ఎంత మారింది, రైతుకు ఎకరాకు ఎంత మిగిలింది అన్నవి కొలిచే బాధ్యతను తార్నాక, రాజేంద్రనగర్, పటాన్‌చెరు సంస్థలకు కలిపి అప్పగించాలి. ఒకే నగరంలో ఉన్న ఈ సంస్థలకు ఉమ్మడిగా అలాంటి పని చెప్పడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు ప్రభుత్వాల బడ్జెట్లలో ఒక పద్దు, వచ్చే విత్తనాల కాలం లోపు ఒక జీవో చాలు.