విత్తనానికి రసీదు అడుగుతాం, వీసాకు అడగమా?

ఆర్మూరు పసుపు రైతుకు జాగ్రత్త ఒకరు నేర్పనక్కరలేదు. దుంపకుళ్లు సోకిన చేను నుంచి విత్తనం తేడు. మార్కెట్ యార్డులో తూకం దగ్గరే నిలబడి, తక్‌పట్టీ చేతికొచ్చేదాకా కదలడు. అదే రైతు కొడుకును దుబాయి పంపేటప్పుడు మాత్రం ఏజెంటు చేతిలో లక్షలు పోసి, చిన్న కాగితం ముక్కయినా అడగడు. ఇదేం లెక్క?

ఎకరం, రెండెకరాల మీద ఇల్లు గడవకపోతే గల్ఫ్ పోవడం తప్పు కాదు. ఆ డబ్బుతో మన ఊళ్లలో బోర్లు పడ్డాయి, ఇళ్లు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు అయ్యాయి. తయారు కాకుండా పోవడమే తప్పు.

కొలువు వెతకడం ఏజెంటు ఇంటి నుంచి కాదు, పిలగాడి చేతిపని నుంచి మొదలుకావాలి. 'ఏ పనైనా చేస్తా' అన్నవాడికి దొరికేది తక్కువ జీతమే. వెల్డింగో, కరెంటు పనో, డ్రైవింగో ముందు ఇక్కడ నేర్చి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. పసుపు పంటకు తొమ్మిది నెలలు ఓపిక పడతాం, కొడుకు పనికి ఆమాత్రం పట్టలేమా? పాస్‌పోర్టు, ఆధార్, పదో తరగతి మెమోల్లో పేరు, పుట్టిన తేదీ ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇక ఏజెంటు సంగతి. 1983 వలసల చట్టం ప్రకారం విదేశీ కొలువులకు మనుషులను పంపేవారికి కేంద్రం లైసెన్సు ఉండాలి. ఆ జాబితా ఈ-మైగ్రేట్‌లో ఉంటుంది, మీసేవలోనో, చదువుకున్న పిల్లలతోనో చూపించుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా కొలువులు చూపుతుంది. ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగండి.

విజిట్ వీసా మీద పోయి పని చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. పట్టుబడితే జైలుకు పోయేది ఏజెంటు కాదు, మన పిలగాడే. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు కొలువుకు పోవాలంటే వలస అనుమతి కావాలి. దానితోపాటు చేయించే ప్రవాసీ భారతీయ బీమా కింద ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. దొడ్డిదారిన పోయినవారి ఇంటికి ఈ ఆసరా ఉండదు.

చివరగా అప్పు లెక్క. రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4 వేలు వడ్డీకే పోతాయి. రెండేళ్లకు 96 వేలు, అసలు అట్లనే ఉంటుంది. జీతమెంత, తిండి, గది ఎవరివి, ఓవర్‌టైం ఇస్తారా అన్నది ఒప్పందంలో చదివించుకున్నాకనే అప్పుకు పోవాలి. ఆ కంపెనీలో ఉన్న మనవాళ్లకు ఒక ఫోను చేయాలి. ఒప్పందం, వీసా, పాస్‌పోర్టు, రసీదుల జిరాక్సులు ఇంట్లో తల్లి దగ్గరో, భార్య దగ్గరో ఉండాలి. రేపు ఆపద వస్తే ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్లే.

పంట పోతే వచ్చే కారు ఉంటుంది. ఇంటి పిలగాడికి రెండో కారు లేదు. రసీదు అడగడానికి మొహమాటమెందుకు?