కోళ్లు చచ్చాక కాదు, చెరువు దగ్గరే కనిపెట్టాలి



బర్డ్ ఫ్లూ వైరస్‌ పుట్టిల్లు కోళ్ల ఫారం కాదు, నీటిపక్షి పేగు. అడవి బాతులు, ఉల్లంకి పిట్టలు ఈ వైరస్‌ను మోస్తూనే చాలాసార్లు ఏ జబ్బూ లేనట్టు ఈదుతాయి, మేస్తాయి, ఎగిరిపోతాయి. వాటి రెట్టతో వైరస్ చెరువులో కలుస్తుంది. చల్లని నీటిలో వారాల తరబడి బతకగలదు. ఆ నీళ్లు ఫారంలోకి చేరినా, ఆ బురద అంటిన చెప్పులతో కూలీ లోపల అడుగుపెట్టినా కోళ్లకు సోకుతుంది. ఈ వైరస్‌లోని హెచ్5, హెచ్7 రకాలు కోళ్లలో ప్రాణాంతకంగా మారగలవు.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతానికి ఇది పరాయి సంగతి కాదు. సైబీరియా నుంచి హిందూ మహాసముద్రం దాకా సుమారు 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస మార్గంలోనే దక్కన్ పీఠభూమి ఉంది. చలికాలం మొదలయ్యేసరికి వచ్చే వలస పక్షులకు జూరాల, కోయిల్‌సాగర్, మూసీ ప్రాజెక్టు లాంటి జలాశయాలూ ఊరూరా ఉన్న చెరువులూ మేత, విడిది ఇస్తాయి. అవి తిరిగి వెళ్లే వేళకు, 2025 ఫిబ్రవరిలో, పూర్వపు నల్గొండ జిల్లాలోని చౌటుప్పల్ మండలం నేలపట్లలో ఒక ఫారంలో కోళ్లు చనిపోగా బర్డ్ ఫ్లూ అని తేలింది. అదే నెలలో వనపర్తి జిల్లా కొన్నూరులో సుమారు రెండున్నర వేల కోళ్లు రోజుల వ్యవధిలో చనిపోయి రైతులు హడలిపోయారు. అదే ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకి ఒక పసిబిడ్డ మరణించింది.

ప్రతి చావుకూ వలస పక్షే కారణమని దీని అర్థం కాదు. దాణా లారీలు, గుడ్ల ట్రేలు, కోళ్ల పెంట రవాణా కూడా వైరస్‌ను ఊరు దాటిస్తాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలంటే పక్షుల్లో ఏ వైరస్ తిరుగుతోందో ముందే తెలిసి ఉండాలి.

పక్షులపై ఇలా నిఘా పెట్టాలన్న ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ అడవుల్లో పిడుదుల ద్వారా సోకే క్యాసనూర్ అడవి జబ్బు బయటపడినప్పుడు, ఆ వైరస్‌కు రష్యాలోని ఒక వైరస్‌తో పోలిక ఉండటంతో వలస పక్షుల ఒంటి మీది పిడుదులను అనుమానించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పెద్ద ఎత్తున పక్షుల కాళ్లకు ఉంగరాలు వేశారు. ఏ పక్షి ఎక్కడి నుంచి వస్తుందో ఆ ఉంగరాల వల్ల చాలావరకు తెలిసింది. 2021 జనవరిలో హిమాచల్‌లోని పాంగ్ జలాశయంలో తల మీద నల్ల చారలుండే వలస బాతులు వేలల్లో చనిపోయాయి. భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల హెచ్5ఎన్1 అని తేల్చగానే చుట్టుపక్కల కోడిమాంసం, గుడ్ల అమ్మకం ఆపేశారు. అక్కడ పక్షుల చావే ముందస్తు హెచ్చరిక అయింది.

ఈ నిఘాకు పక్షిని పట్టుకోవాల్సిన అవసరం ప్రతిసారీ ఉండదు. తెల్లవారుజామున చెరువు అంచున, పక్షులు అప్పుడే లేచిపోయిన తడిమట్టి మీద పచ్చిగా ఉన్న రెట్టను పుల్లకు చుట్టిన దూదితో తీసి, వైరస్ చెడకుండా ఉంచే ద్రవమున్న సీసాలో వేసి, ఐస్ పెట్టెలో పరీక్షకు పంపవచ్చు. చచ్చిన కాకిని, కొంగను పారేయకుండా పశువైద్యుడికి తెలపడం రెండో పని. దాన్ని ఒట్టి చేతులతో ఎవరూ ముట్టకూడదు.

జబ్బు తేలాక ఆ ఫారం చుట్టూ కిలోమీటరు లోపలి కోళ్లన్నిటినీ చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం ఎలాగూ తప్పదు. ఆ నష్టం కంటే ముందు జాగ్రత్త ఖర్చు చాలా తక్కువ. పశుసంవర్ధక శాఖ, అటవీ శాఖ కలిసి అక్టోబరు నుంచి మార్చి దాకా పెద్ద చెరువుల్లో క్రమం తప్పక నమూనాలు తీయాలి. రోజూ వల వేసే ముదిరాజ్, బెస్త మత్స్యకారుల సంఘాలకు శిక్షణ, చేతి తొడుగులు, ఒక ఫోన్ నంబరు ఇవ్వాలి. ఫలితాలను దాచకుండా కోళ్ల రైతులకు తెలపాలి. చెరువు నీటిని శుద్ధి చేయకుండా ఫారానికి వాడరాదు.

భయంతో పక్షులను తరమడం, చెట్లు కొట్టడం వల్ల లాభం లేదు; బెదిరిన పక్షి వైరస్‌ను మరో చెరువుకు మోసుకుపోతుంది. పాంగ్‌లో రాలిన బాతుల్లా పక్షులూ ఈ జబ్బుకు బలవుతున్నవే. వచ్చే చలికాలం పక్షులు దిగకముందే అధికారులు ఈ ఏర్పాటు మొదలుపెట్టాలి.

— ఒక పాఠకుడు, నల్గొండ