వీధియా? రహదారియా?

మన యూళ్లలో పెక్కింటికి జాతీయ రహదారియే నడివీధి. బడికి, గుడికి, సంతకు, రేషను దుకాణమునకు పోవలసిన వారందఱును దానినే దాటవలయును. దానిమీదనే లారీలును కార్లును గంటకు ఎనుబది, నూఱు కిలోమీటర్ల వేగమున పరుగిడుచున్నవి. వీనిలో ఎవరి హక్కు ముందు? ఈ ప్రశ్నకు ప్రభుత్వము నోటితో నుత్తర మీయలేదు, చేతలతో నిచ్చినది.

2022లో భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు 61,038 మంది జాతీయ రహదారులమీదనే హతులైరి. దేశములోని రోడ్లన్నిటి పొడవులో జాతీయ రహదారుల పాలు నూటికి ఇంచుమించు రెండు మాత్రమే. మరణములలో వాని పాలు నూటికి ముప్పదియాఱు. ఆ యేడు అన్ని రోడ్లమీదను అసువులు బాసిన పాదచారులు 32,825 మంది.

పాదచారులే అజాగ్రత్తపరులని కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. పూర్వపు మహబూబునగరు జిల్లాలో, 44వ నంబరు జాతీయ రహదారి దాపున, పెద్దకుంట యను తండా గలదు. రహదారి దాటుచు అచ్చటి మగవా రొకరి వెనుక నొకరు బలియైనందున పత్రికలు దానిని విధవల గ్రామమని వ్రాసినవి. ఆ తండావారందఱును అజాగ్రత్తపరులే యందురా? ఒకచోట ఒకడు మరణించిన దైవవశ మనవచ్చును. ఒక్కచోటనే మరల మరల మరణించుచున్నచో అది రోడ్డు వేసినవారి దోషము గాక మఱేమి?

రహదారిని వీధిగా నెంచుటకు నిబంధన లొప్పవని అధికారు లందురు. 2016 డిసెంబరు 15వ తేదిని, జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యపు దుకాణము లుండరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంతట చండీగఢ్ మొదలగుచోట్ల పాలకులు ఏమి చేసిరి? రాష్ట్ర రహదారుల పేరు మార్చి, ఇవి జిల్లా రోడ్లే యని ఉత్తరువులు వెలువరించిరి! మద్యపు రాబడికొఱకు ఒక్క కలపుపోటుతో వీధి కాగలిగిన రహదారి, పసిబిడ్డ ప్రాణముకొఱకు వీధి కాజాలదా?

వేగము తగ్గించిన వర్తకము చెడునందురు. రెండు కిలోమీటర్ల యూరిని ఎనుబది వేగమున దాటుటకు ఒకటిన్నర నిమిషము. ముప్పదితో దాటుటకు నాలుగు నిమిషములు. రెండున్నర నిమిషముల ఆలస్యమునకు చెడు వర్తక మేది? వేగము రెట్టింపైన దెబ్బ నాలుగు రెట్లగును. కావుననే 2020లో స్టాక్‌హోములో ప్రపంచదేశముల ప్రతినిధులు, జనులును బండ్లును కలసి సంచరించుచోట ముప్పది కిలోమీటర్లే పరమావధి కావలెనని ప్రకటించిరి.

చట్టము మనకు లేకపోలేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 198ఎ సెక్షను ప్రకారము, రోడ్డు నిర్మాణ నిర్వహణములలో భద్రతా ప్రమాణములను పాటింపనందున ప్రాణనష్టము కలిగినచో, బాధ్యులైన అధికారులును కంట్రాక్టరులును లక్ష రూపాయల వఱకు జుల్మానాకు పాత్రులు. ప్రాణమునకు లక్ష వెలయా యని మీ రడుగవచ్చును. ఎన్నటికిని కాదు. కాని నేరము నడచువానిదే కానక్కఱలేదని శాసనమే యొప్పుకొన్నది. ఆ యొప్పుకోలును మనము వినియోగించుకొనవలదా?

సోదరులారా! శవమును రోడ్డుమీద నుంచి పూటసేపు బండ్ల నాపి, పరిహారపు మాట వినినంతనే ఇండ్లకు మరలుట ఇక చాలింపుడు. ప్రమాదము జరుగక మునుపే గ్రామసభలో తీర్మానము చేయుడు. ఊరి పొలిమేరనుండి పొలిమేరవఱకు ముప్పది కిలోమీటర్ల వేగము, బడియొద్దను సంతయొద్దను మెట్టగా కట్టిన దాటుత్రోవ, నడుమ నిలువ నీడయగు దిమ్మె, రాత్రికి దీపములు, ఇరువైపుల స్థానిక రాకపోకలకు ప్రక్కరోడ్డు: ఈ యైదింటిని కోరుడు. వృద్ధు లెక్కజాలని వంతెనను చూపి తప్పించుకొన నీయకుడు. తీర్మానమును జిల్లా రహదారి భద్రతా సంఘమునకు పంపి, రసీదు పుచ్చుకొనుడు. పిమ్మట ఆ చోటనే ప్రాణము పోయినచో, ఎఱుగమని చెప్పుటకు అధికారులకు వీలుండదు. న్యాయస్థానమున ఆ రసీదే మొదటి సాక్షి యగును.

పరప్రభుత్వము నాడు రోడ్లు దండుల నడకకును ఖజానా రాకకును వేయబడినవి. స్వరాజ్యమున రోడ్డు మొదట దానిప్రక్క బ్రతుకువానిది. పాలకు లీ మాట నంగీకరించువఱకు మన పని తీరలేదు.