దూరదేశపు పురిటిల్లు

కళాశాలలో నాలుగేండ్లు ఒకే గదిలో గడిపిన స్నేహితులు పదేండ్ల పిమ్మట పరదేశమున కలిసికొనుట సామాన్యమైన సంగతి కాదు. వచ్చువాడు విమానపు టిక్కెట్టుకు రెండు నెలల జీతము వెచ్చించి, చెప్పవలసిన మాటలన్నియు మూటగట్టుకొని అమెరికాలో దిగును. తలుపు తీసినవాడు భుజముపై చంటిబిడ్డతో, ఎఱ్ఱబడిన కన్నులతో నిలిచి, "మెల్లగా మాట్లాడరా, ఇప్పుడే పడుకుంది" అనును. మొదటి రాత్రి కబుర్లు నడుమనే తెగిపోవును. రెండవనాడు మిత్రుడు కుర్చీలోనే కునికిపాట్లు పడును. మూడవనాటికి అతిథి మనస్సులో ముల్లు నాటుకొనును: వీడు మారిపోయినాడు! ఎన్నో పాత స్నేహములు ఇచ్చటనే చల్లబడుచున్నవి. ఈ నిష్ఠూరము న్యాయమైనది కాదు.

అప్పుడే పుట్టిన శిశువు 24 గంటలలో 8 నుండి 12 పర్యాయములు పాలు త్రాగును. తల్లికి వరుసగా మూడు గంటల నిద్ర దొరకుట అరుదు, తండ్రికిని అంతే. తెలుగునాట ఈ భారమును అమ్మమ్మయు, పిన్నియు, ఇరుగుపొరుగువారును పంచుకొందురు. అమెరికాలో ఆ దంపతులకు ఎవరున్నారు? 1993 నాటి సమాఖ్య చట్టము 12 వారముల సెలవును ఇచ్చినదే కాని, ఆ కాలమునకు జీతము చెల్లింపవలెనని శాసింపలేదు. 50 మందికంటె తక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలకు ఆ నిర్బంధమును లేదు. 2004లో కాలిఫోర్నియా వేతనములో కొంత భాగము ముట్టజెప్పు పద్ధతిని ప్రారంభింపగా మరికొన్ని రాష్ట్రములు అనుసరించినవి. భారతదేశమున 2017 నాటి సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారముల వేతనసహితమైన సెలవు కల్పించినది. (పొలమునకు కూలికి పోవు తల్లికి అదియు అందని పండే!)

అమ్మమ్మ సముద్రము దాటి వచ్చినను సందర్శకుల వీసాపై సాధారణముగా ఆరు నెలలకే మరలవలెను. ఆమె విమానమెక్కిన పిమ్మట నాయనమ్మ ప్రయాణము కట్టుట అచ్చటి తెలుగు కుటుంబములలో వాడుకయైనది. ఆమె రాక ఆలస్యమైనచో ఆ నడిమి దినములు గడచుట కష్టము. మిత్రుడు వెళ్ళదగిన సమయము నిజమునకు అదియే.

పూర్వము పల్లెలలో పురిటింటికి పోయిన చుట్టము అచ్చట భోజనమును ఆశించెడివాడు కాడు. పది దినముల పురుడు గడచువరకు అన్యులు ఆ ఇంట తినరాదని ఆచారము. తల్లిని మైలగా ఎంచుట మెచ్చదగిన భావము కాదు. కాని ఆ మైల చాటున ఆమెకు ఎవరికిని వండి వడ్డింప నక్కరలేని విశ్రాంతి దక్కినది. చదువుకొన్నవారు మైలను విడిచినారు, మంచిదే. దానితోపాటు విశ్రాంతిని కూడ విడిచి, పదిదినముల బాలింతచేత కాఫీ కలిపించుకొని త్రాగుట ఏమి నాగరకత?

ఈ విశ్రాంతిని ఆచారమునకు వదలక, ఒక ఏర్పాటుగా నిలుపుకొన్న దేశమును కలదు. నెదర్లాండ్స్‌లో ప్రసవమైన పిమ్మట సుమారు ఎనిమిది దినములు శిక్షణ పొందిన సహాయకురాలు ఇంటికే వచ్చి తల్లిని, బిడ్డను కనిపెట్టి యుండును. చూడవచ్చినవారు ఎక్కువసేపు కూర్చున్నచో మర్యాదగా సాగనంపును. వచ్చినవారికి పంచదార పూసిన సోపుగింజలు చల్లిన రస్కు ఒకటి ఇత్తురు. అంతటితో ఆతిథ్యము ముగిసినట్లే.

అమెరికాలోని తెలుగు దంపతులకు అట్టి సహాయకురాలు లేదు కనుక వచ్చిన స్నేహితుడే ఆ పాత్ర వహింపవలెను. ప్రయాణమునకు రెండు వారముల ముందే కోరింతదగ్గు టీకా వేయించుకొనుట మొదటి కానుక. వెండి గిన్నె తరువాతి మాట. తేనె సీసా మాత్రము వలదు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించుట ప్రమాదమని వైద్యులు ఖండితముగా చెప్పుచున్నారు. వంట వచ్చినవాడు వేడి అన్నము, వెల్లుల్లి కారము సిద్ధము చేసిన చాలును. గిన్నెలు తోమవచ్చును, బట్టలు మడవవచ్చును, రాత్రి రెండు గంటలకు బిడ్డను ఎత్తుకొని నడవా అంతయు తిరుగవచ్చును. చిన్ననాటి కబుర్లకు ఆ వేళకంటె మంచి వేళ దొరకదు. బిడ్డను పట్టుకొనుటకు భయపడు బ్రహ్మచారికి సైతము పని లేకపోదు. మిన్నెసోటా వంటి చలిసీమలో జనవరి మాసమున వాకిట మోకాలిలోతు మంచు పేరుకొనును. దానిని త్రోయు పారను పట్టుట ఎవరికైనను అరగంటలో అలవడును.