బత్తా ఖర్చా? జీతమా?

ఒకప్పుడు జనవరి వచ్చిందంటే మన ఆఫీసుల్లో ఒక పండగ ఉండేది. సంక్రాంతి కాదండీ, ప్రూఫుల పండగ. అద్దె రసీదులు, ఎల్టీఏ టికెట్లు, మెడికల్ బిల్లులు... పక్క సీటువాడి రసీదు మీద రెవెన్యూ స్టాంపు ఉందో లేదో కూడా మనకి తెలిసేది. సొడెక్సో కూపన్ల సంగతి సరే సరి. పూటకి 50 రూపాయల దాకా పన్ను లేదని రూలు ఉండేది. ఆ కూపన్లతో భోంచేసినవాళ్ళ కంటే కందిపప్పు కొనుక్కున్నవాళ్ళే ఎక్కువేమో :) కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపులన్నీ ఎగిరిపోయాక పండగ కళ తప్పింది.

పూటకి 50 రూపాయల కోసం అంత గోల చేసిన మనకి, తిండి డబ్బుల మీదే సంసారం నడిపే మనుషుల లెక్క ఎలా ఉంటుందో ఎప్పుడూ పట్టలేదు. వాళ్ళే లారీ డ్రైవర్లు.

మాది వైరా. ఖమ్మం నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా గోదావరి జిల్లాలకి పోయే రోడ్డు మా ఊరి మధ్యలోంచే పోతుంది. మిర్చి, గ్రానైటు, సారపాక కాగితం మిల్లుకి జామాయిల్ కర్ర, సత్తుపల్లి బొగ్గు, ఏదో ఒక లోడు కదులుతూనే ఉంటుంది. మా బజార్లో లారీ తోలేవాళ్ళు చాలామందే. వరసకి బాబాయ్ అయ్యే ఒకాయన్ని "నెలకి ఎంతొస్తది బాబాయ్?" అని అడిగితే జీతం చెప్పడు. "జీతం ఏముందిరా, బత్తాలో మిగిలిందే మనది" అంటాడు. మిగలాలంటే ఏం చెయ్యాలి? దాబాలో ఒక పూటే తినాలి. రెండో పూట లారీ నీడన స్టవ్వు పెట్టి క్లీనరూ తనూ అన్నం వండుకోవాలి. ఒంట్లో బాగోకపోయినా ట్రిప్పు మానకూడదు, ఎందుకంటే బండి కదలని రోజు బత్తా రాదు. ఇంటికి పోయే డబ్బంతా ఆయన కడుపులోంచి తీసిందే.

అసలు విషయానికొస్తే, ఈ బత్తాని చట్టం ఏమంటుంది?

1961 ఆదాయపన్ను చట్టం కింద 2బీబీ అని ఒక నిబంధన ఉండేది. టూరు మీద వెళ్ళిన ఉద్యోగికి ఇచ్చే రోజువారీ భత్యంలో నిజంగా ఖర్చయినంత వరకూ పన్ను లేదు. రవాణా వాహనం నడిపే ఉద్యోగికి దారి ఖర్చుల కోసం భత్యం ఇస్తే, విడిగా డైలీ అలవెన్సు తీసుకోకపోతే, అందులో 70 శాతానికి పన్ను లేదు, అదీ నెలకి 10,000 మించకుండా. ఈ రెండో వెసులుబాటు కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి లేదు. పైగా 2025లో చట్టాన్నే మార్చి రాశారు. అయితే 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను కట్టక్కర్లేదు కాబట్టి ఈ తేడాలేవీ మా బాబాయ్‌కి తగలవు. ఆయనెప్పుడూ పన్ను కట్టింది లేదు, మినహాయింపు వల్ల బాగుపడిందీ లేదు.

కానీ ఆ 70 శాతం అన్న అంకె చూడండి. వంద రూపాయల భత్యంలో 70 దారిలో ఖర్చవుతాయి, 30 మిగిలి ఆదాయం అవుతాయి అనేగా దానర్థం! పన్ను వెయ్యాల్సి వచ్చినప్పుడు భత్యంలో జీతం దాగుందని సర్కారుకి బాగానే తెలుసన్నమాట. రైల్వేవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. లోకో పైలట్లకి కిలోమీటర్ల లెక్కన ఇచ్చే రన్నింగ్ అలవెన్సులో జీతం పాలు ఉందని ఒప్పుకుని, పెన్షన్ లెక్కలో మూల వేతనానికి 55 శాతం కలుపుతారు. పట్టాల మీద తోలితే జీతం, తారు రోడ్డు మీద తోలితే ఖర్చు. ఇదెక్కడి న్యాయం?

(అమెరికాలో ఉన్న మనవాళ్ళకి పర్ డియం గురించి చెప్పక్కర్లేదు. అక్కడ దూర ప్రయాణపు డ్రైవర్లకి భోజనం కింద రోజుకి 80 డాలర్లని 2024 అక్టోబరులో లెక్క కట్టారు. సొంత ట్రక్కు ఉన్నవాడు అందులో 80 శాతం ఖర్చు చూపించుకోవచ్చు. జీతానికి తోలేవాడికి మాత్రం 2018 నుంచి ఆ వెసులుబాటు లేదు. అక్కడా చివరికి మిగిలేది ఓనరే.)

అసలు దెబ్బ పన్ను దగ్గర కాదు, ప్రమాదం దగ్గర పడుతుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టంలో వేతనం నిర్వచనం చదవండి. ప్రయాణ భత్యమూ, పని స్వభావం వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చులకి ఇచ్చే డబ్బూ వేతనం కావని ఉండేది. డ్రైవరు పోతే పరిహారం నెల వేతనంలో సగాన్ని వయసుని బట్టి ఒక గుణకంతో హెచ్చవేసి కడతారు. నలభై ఏళ్ళవాడికి ఆ గుణకం 184.17.

ఉదాహరణకి జీతం 10,000, బత్తా 12,000 అనుకుందాం. బత్తా కలపకపోతే 9,20,850. కలిపితే మొత్తం 22,000 అయినా 2020 జనవరిలో పెట్టిన 15,000 పరిమితి దగ్గర ఆగి 13,81,275. తేడా నాలుగున్నర లక్షల పైచిలుకు. ఆ ఇంటి ఆడమనిషికి అది కూతురి పెళ్ళో, కొడుకు చదువో. కోర్టులో బత్తా కూడా జీతమేనని వాదించి గెలవొచ్చు, కానీ కాగితం ఏది?

కాగితం ఎందుకు ఉండదో దానికీ మళ్ళీ పన్ను చట్టమే కారణం. పది లారీలకి మించని ఓనరు లెక్కల పుస్తకాలు రాయక్కర్లేకుండా 1994లో ఒక సదుపాయం పెట్టారు. 2018-19 నుంచి 12 టన్నులు దాటిన బండికి టన్నుకి నెలకి 1,000 చొప్పున ఆదాయం అనుకుంటారు, ఖర్చులన్నీ అందులోనే పోయినట్టు లెక్క. చిన్న ఓనరుకి ఇది నిజంగా మేలే, తీసెయ్యమని నేననను. కానీ బత్తా ఎంతిచ్చాడో ఎక్కడా రాయాల్సిన పని లేకుండా పోయింది.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మినహాయించే భత్యాలు మొత్తంలో సగం దాటితే పైది వేతనంలో కలపాలట. "టేక్ హోం తగ్గుతుంది బాబోయ్" అని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత గొడవ! పై ఉదాహరణలో ఆ రూలు పెడితే మొత్తం 22,000లో సగం 11,000, బత్తా 12,000. వేతనంలో కలిసేది వెయ్యి రూపాయలు. పరిహారంలో పెరిగేది 92,085. ఏమీ లేనిదాని కంటే నయం, అంతే.

ఓనరు మీద భారం పడుతుందంటారా? లారీ పాలసీలో డ్రైవరు కోసం కట్టే ప్రీమియం తలకి ఇంత అని ఉంటుంది, జీతాన్ని బట్టి మారదు. పీఎఫ్ ఇరవై మంది లోపు ఉన్నచోట తప్పనిసరి కాదు. మరి అడ్డమేంటి?

ఇక్కడ మన పని కూడా కొంత ఉంది. ఈ మధ్య ఒక ట్రాన్స్‌పోర్ట్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ చూశాను. ట్రిప్పు ఖర్చులు అనే డబ్బాలో డీజిల్, టోల్, టైర్ పంచరు, డ్రైవరు బత్తా వరసగా ఉన్నాయి. బత్తాని అక్కణ్ణించి తీసి డ్రైవరు పేరు కింద, తేదీతో, అతనికి కనిపించేలా పెట్టడానికి ఎంత టైం పడుతుంది? ఇప్పుడు బత్తా చాలావరకు ఫోన్‌పేలోనే పంపుతున్నారు, తేదీ, మొత్తం అన్నీ ఉన్నాయి. నెలాఖరుకి ఒక్క పేజీ స్లిప్పు, తెలుగులో, ఫోనుకి పోవాలి. దాని కాపీ ఒకటి ఇంట్లో పిన్ని ఫోనుకి కూడా.