గయ్యాళికి మగమాట ఏది?

కొట్లాడేవాళ్లందర్నీ మనం ఒకే గాటన కట్టేస్తాం గానీ, తెలుగు కట్టదు. ప్రతిదానికీ మెలిక పెడితే పేచీకోరు. పర్షియన్‌లో 'పేచ్' అంటే మెలికే. సంక్రాంతికి సికింద్రాబాద్ మేడల మీద పతంగుల దారాలు పెనవేసుకునే 'పేంచ్' కూడా అదే మాట. ఊరికే గిల్లి గొడవ తెచ్చుకుంటే కయ్యాలమారి. ఇద్దరి మధ్య పుల్ల పెట్టి తమాషా చూస్తే నారదుడు. తన వాదమంటూ ఏదీ చెప్పకుండా ఎదుటివాళ్ల మాటను కొట్టిపారేయడమే పనిగా పెట్టుకుంటే వితండవాది. న్యాయశాస్త్రంలో వితండానికి అర్థం కూడా ఇదే. వాట్సాప్ గ్రూపుకొకరు గ్యారంటీ!

ఈ మాటలు ఎవరికైనా అతుకుతాయి. గయ్యాళి మాత్రం ఆడవాళ్లకే రిజర్వు. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ' సూర్యకాంతం గారిని తలచుకోకుండా ఆ మాట అనలేం.

మొన్న స్టేషన్ దగ్గర షేర్ ఆటో దిగిన ఓ అమ్మాయి, తనకు రావాల్సిన ఇరవై రూపాయల చిల్లర గట్టిగా అడిగింది. "లొల్లి చెయ్యకమ్మా" అన్నాడు డ్రైవర్. "ఏం గయ్యాళిరా బాబూ" అని నా పక్కాయన గొణిగాడు. అదే ఓ అబ్బాయి అడిగితే? "గట్టోడే" అనేవాడేమో!

నాకు 'తగాదా' గుర్తొచ్చింది. ఉర్దూ 'తకాజా' నుంచి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం, రావాల్సిన బాకీ అడగడం. అడగ్గా అడగ్గా అది మన నోట్లో గొడవైపోయింది! ఆ అమ్మాయి చేసింది పాత అర్థంలో తగాదానే.

అందుకే, ఈసారి గయ్యాళి అనబోయే ముందు ఒక్క క్షణం చూడండి. ఆమె కయ్యానికి కాలు దువ్వుతోందా, తన బాకీ అడుగుతోందా? బాకీయే అయితే ఆ మాట మింగేసి, చిల్లర ఇప్పించండి.