‘మనకు తక్కువే’ అన్న ధీమా

2020 ఏప్రిల్ మూడో వారం దాకా రాష్ట్ర ఆరోగ్య శాఖ రోజూ ఇచ్చే కరోనా బులెటిన్‌లో శ్రీకాకుళం, విజయనగరం పేర్ల ఎదుట సున్నాలే ఉండేవి. మార్చి 12న నెల్లూరులో తొలి కేసు బయటపడి నలభై రోజులు దాటినా ఈ రెండు జిల్లాల్లో ఒక్క కేసూ తేలలేదు. ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో కేసులు రావడంతో శ్రీకాకుళం సున్నా చెరిగిపోయింది. మే మొదటి వారంలో విజయనగరం వంతు వచ్చింది. రాష్ట్రంలో వైరస్ జాడ ఆఖరున కనిపించిన జిల్లా అదే. మన గాలి మంచిది, మనవాళ్లు కష్టజీవులు, మనదాకా రాదు అని ఆ రోజుల్లో ఊరూరా అనుకున్నారు. వచ్చాక ఆ మాట ‘వచ్చినా మనకు తక్కువే’గా మారింది. ఏళ్లు గడిచినా అదే నమ్మకం ఇంకా నడుస్తోంది. మరో మహమ్మారి వస్తే ముందుగా మనల్ని దెబ్బతీసేది ఈ నమ్మకమే.

తక్కువ అనడానికి ఆధారం బులెటిన్ లెక్క. రెండు ఉమ్మడి జిల్లాల్లో కలిపి నమోదైన కరోనా మరణాలు పదిహేను వందలకు అటూఇటూ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాల జనం యాభై లక్షలు. అంతకంటే తక్కువ జనం ఉన్న ఉమ్మడి చిత్తూరు ఒక్కదానిలోనే పంతొమ్మిది వందలకు పైగా మరణాలు రాసుకున్నారు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా మనం గట్టెక్కామనే అనిపిస్తుంది. అయితే బులెటిన్‌కు తెలిసింది పరీక్షలో పాజిటివ్ అని తేలి, చాలావరకు ఆసుపత్రి మంచం మీద పోయినవాళ్ల గురించే.

పరీక్షలకు ఎంత అందిందో, ఎంత అందలేదో చెప్పే సాక్ష్యం మన దగ్గరే ఉంది. 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రాష్ట్రమంతా రక్త నమూనాలు తీసి యాంటీబాడీల సర్వే చేశారు. రాష్ట్రం మొత్తం మీద 19.7 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి పోయిందని తేలింది. జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ శాతం ఎక్కడో తెలుసా? విజయనగరంలో, 30.6 శాతం. అందరికంటే ఆలస్యంగా తొలి కేసు కనిపెట్టిన జిల్లాలో నాలుగు నెలలు తిరిగేసరికి పదిమందిలో ముగ్గురికి సోకి ఉంది. అంటే దాదాపు ఏడు లక్షల మంది. పరీక్షల్లో దొరికినవి మాత్రం కొన్ని పదుల వేల కేసులు. సోకినవాళ్లనే చూడలేకపోయిన వ్యవస్థ చనిపోయినవాళ్లందరినీ చూసిందని ఎలా నమ్మడం?

మరణాల రేటు అనే మాటతో ఇంకో చిక్కు ఉంది. వందమంది రోగుల్లో ఎందరు పోయారన్నది ఒక రేటు, లక్ష జనాభాలో ఎందరు పోయారన్నది మరో రేటు. మొదటిదాని ప్రకారం మన రెండు జిల్లాల్లోనూ అది నూటికి ఒకటి కంటే తక్కువే. పరీక్షలు పెంచితే కింద ఉండే అంకె పెరిగి రేటు తగ్గుతుంది. చావులు రాయడం మానేసినా తగ్గుతుంది. ఒకటి వైద్యం సాధించిన విజయం, రెండోది గుమాస్తా పుస్తకంలో వదిలేసిన ఖాళీ. బులెటిన్ చదివేవాళ్లకు ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

చావు పుస్తకంలోకి ఎక్కకుండా ఎలా జారిపోయిందో మనందరికీ తెలుసు, చాలామందిమి కళ్లారా చూశాం. 2020 జూన్‌లో పలాసలో కరోనా సోకిన ఒక వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీలో తరలించారు. అధికారుల మీద సస్పెన్షన్ వేటు పడింది, ప్రభుత్వం విచారం చెప్పింది. కానీ ఆ దృశ్యం ఊళ్లలో నాటిపోయింది. పాజిటివ్ అని తేలితే మన పెద్దవాళ్లకూ ఇదే గతి పడుతుందన్న భయంతో పరీక్షకే వెళ్లని ఇళ్లు ఎన్నో. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మందస మండలానికి చెందిన ఒక మహిళ కరోనా లక్షణాలతో చనిపోతే, అంబులెన్సు దొరక్క కొడుకూ అల్లుడూ మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య ఆమెను కూర్చోబెట్టుకుని ఊరికి చేర్చారు. ఆ నెలల్లో ‘జ్వరం వచ్చి పోయాడు’, ‘ఆయాసం వచ్చి తెల్లారేసరికి పోయింది’ అని చెప్పుకున్న చావులు ఏ ఊరికి వెళ్లినా వినిపిస్తాయి. ఛాతీ స్కాన్‌లో జబ్బు తేటతెల్లంగా కనిపించినా పరీక్ష ఫలితం నెగెటివ్ వస్తే ఆ మనిషి లెక్కలోకి రాలేదు.

మన జిల్లాల భూగోళం ఈ లెక్కను ఇంకా చెదరగొట్టింది. రోగం ముదిరితే రాగోలు, నెల్లిమర్ల ఆసుపత్రుల నుంచి విశాఖ కేజీహెచ్‌కో విమ్స్‌కో పంపుతారు. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లు బరంపురం పోతారు. అక్కడ పోయినవాళ్ల నమోదు అక్కడే జరుగుతుంది. ఇక వలస సంగతి చెప్పక్కర్లేదు. హైదరాబాదు, చెన్నై భవన నిర్మాణాల దగ్గర, వెరావల్ పడవల మీద మన యువకులు ఉంటారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. వయసు మళ్లినవాళ్లు ఎక్కువగా మిగిలిన చోట ఈ జబ్బు ఎక్కువమందిని తీసుకుపోవాలి. తక్కువమందే పోయారని కాగితం చెబితే ముందు అనుమానించాల్సింది కాగితాన్నే.

ఉద్దానం మాట ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద బతుకుతున్న మనిషికి కరోనా సోకి చనిపోతే అది ఏ చావు? పాత జబ్బులను మూల కారణంగా రాయకూడదని, కరోనా అనే రాయాలని ఐసీఎంఆర్ 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ డాక్టరు రాసిన కాగితమే లేని ఇంటి చావుకు మార్గదర్శకం ఏం చేస్తుంది? అసలు ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎంతమంది పోయారన్నదానికే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతూ ఏళ్లు గడిపారు. పలాసలో పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యే నాటికి 2023 డిసెంబరు వచ్చింది. ఊరూరా చావుల పట్టిక మొదటినుంచీ ఉండి ఉంటే ఆ అంకెలే అధికారుల తలుపు తట్టేవి. కవిటిలో, వజ్రపుకొత్తూరులో పెళ్లీడు పిల్లల తండ్రులు ఒకరి తర్వాత ఒకరు రాలిపోతున్నప్పుడు ఆసుపత్రి కావాలన్న వాదన వినిపించడానికి లెక్క లేదు. చావుల లెక్క లేకపోవడం ఎంత ఖరీదైనదో రాష్ట్రంలో మనకంటే బాగా ఎవరికీ తెలియదు.

బులెటిన్‌ను పక్కనపెట్టి జనన మరణాల రిజిస్టరును చూస్తే వేరే కథ కనబడుతుంది. మామూలు ఏడాదుల్లో మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 27 వేల మరణాలు నమోదవుతాయి. 2021 మేలో నమోదైనవి లక్షా 30 వేలకు పైనే. అదే నెలలో బులెటిన్ చూపిన కరోనా మరణాలు దాదాపు మూడు వేలు. పెరిగినవన్నీ కరోనా చావులని మేం అనడం లేదు. ఆలస్యంగా నమోదైనవి ఉంటాయి, ఆసుపత్రులు కిక్కిరిసి వేరే జబ్బులకు వైద్యం అందక పోయినవాళ్లు ఉంటారు. కానీ లక్ష మంది తేడాను ఏ సర్దుబాటూ మింగలేదు.

ఆ తర్వాత సుప్రీంకోర్టు ఆదేశంతో బాధిత కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం ప్రకటించారు. 2022 జనవరిలో కోర్టు ముందుకు వచ్చిన వివరాల ప్రకారం రాష్ట్రంలో అధికారిక మరణాలు 14,471, అందిన దరఖాస్తులు దాదాపు 36 వేలు. చెల్లింపుల్లో జాప్యానికి మన ప్రధాన కార్యదర్శిని కోర్టు పిలిపించి మందలించింది. దేశం మొత్తం చూసినా అంతే. 2020లో 81 లక్షలున్న నమోదైన మరణాలు 2021లో కోటీ 2 లక్షలకు చేరాయని రిజిస్ట్రార్ జనరల్ నివేదిక చెప్పింది. ఆ నివేదిక బయటకు వచ్చింది 2025 మేలో, నాలుగేళ్ల తర్వాత. జబ్బు ఎప్పుడో వెళ్లిపోయింది, లెక్క తీరిగ్గా వచ్చింది.

ఈ రెండు జిల్లాల్లో ఏ మండలంలో ఆ వేసవిలో చావులు మూడింతలయ్యాయో, ఏ మండలం తప్పించుకుందో ప్రజలకు చెప్పిన పత్రం ఒక్కటీ లేదు. ఇప్పుడు పోల్చి చూడటం ఇంకా కష్టమైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల సరిహద్దులు మారాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలోకి, రాజాం, వంగర, సంతకవిటి విజయనగరంలోకి వెళ్లాయి. పాత జిల్లా అంకెను కొత్త జిల్లా అంకె పక్కన పెట్టి మరణాలు తగ్గాయనో పెరిగాయనో చెప్పేవారిని నమ్మకండి. మండలం వారీగా తిరిగి లెక్క కడితేనే ఆ పోలికకు అర్థం. మన్యంలో ఇంకో లోటు ఉంది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల మీంచి డోలీలో మోసుకొస్తుండగా దారిలో పోయిన ప్రాణానికి ఆసుపత్రి కాగితం ఉండదు. భూమి, బీమా, పింఛను వ్యవహారం ఉన్న చావే గ్రామ సచివాలయం దాకా వస్తుంది. ఏ ఆస్తీ లేని ముసలమ్మ, పేరు పెట్టని పసిబిడ్డ రిజిస్టరు బయటే ఉండిపోతారు. రాబోయే జ్వరం మొదట కొట్టేది వాళ్లనే.

దారి లేక కాదు. మరణాన్ని నమోదు చేయాలన్న చట్టం 1969 నాటిది. 2023 సవరణతో వైద్య సంస్థలన్నీ మరణ కారణం ధ్రువీకరించి ఉచితంగా ఇవ్వాల్సిందే. ఇంట్లో పోయినవాళ్ల విషయంలో బంధువులను లక్షణాలు అడిగి కారణం అంచనా వేసే పద్ధతి దేశంలో రెండు దశాబ్దాలకు పైగా వాడుకలో ఉంది. ప్రతి ఊరికీ ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్ఎం ఉంది, సచివాలయం ఉంది. మూడు జిల్లాల కలెక్టర్లు మండలాల వారీగా నెలనెలా మరణాల సంఖ్యను, గత ఐదేళ్ల అదే నెల సగటుతో కలిపి ప్రకటించాలి. 2020, 2021 సంవత్సరాల లెక్కను కూడా అలాగే బయటపెట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో ఆ రెండేళ్లలో పోయినవారి పేరు రిజిస్టరులో ఉందో లేదో సచివాలయంలో అడగండి. లేకపోతే, ఏడాది దాటింది కాబట్టి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలంటారు. తిరగాల్సి వచ్చినా ఆ పేరు రాయించండి.